ఇంటి నుంచి పనిచేసేవాళ్ల పనిని ఎలా లెక్కపెడుతున్నారు? తిరుపతి, చిత్తూరు ఉద్యోగుల తరఫున కంపెనీల మేనేజర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆపరేషన్స్ మేనేజర్లకు, హెచ్‌ఆర్ అధికారులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో, వాటి చుట్టుపక్కల మండలాల్లో ఇంటి దగ్గరే కూర్చుని మీ కంపెనీలకు పనిచేస్తున్నవాళ్లం మేము. మెడికల్ కోడింగ్ (రోగి చార్టు, అంటే వైద్య రికార్డు చదివి జబ్బుకీ చికిత్సకీ బిల్లు కోసం కోడ్‌లు వేయడం), బిల్లింగ్, ఏఆర్ కాలింగ్, కస్టమర్ సపోర్ట్ మా పనులు. మీ ఆఫీసులు చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో ఉన్నాయి. మాలో కొందరం 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కంపెనీ ల్యాప్‌టాప్ తీసుకుని సొంతూరు చేరినవాళ్లం. మిగిలినవాళ్లు ఆ తర్వాత ఇక్కడి నుంచే ఇంటర్వ్యూ ఇచ్చి చేరారు, ఆఫీసు గుమ్మం ఇంతవరకూ చూడనివాళ్లు కూడా ఉన్నారు. నేను ఒక బిల్లింగ్ ప్రాసెస్‌లో టీమ్ లీడ్‌ని. పైనుంచి వచ్చే టార్గెట్ షీటు, కిందినుంచి వచ్చే కష్టం రెండూ రోజూ నా ముందుకే వస్తాయి కాబట్టి అందరూ కలిసి ఈ లేఖ రాసే పని నాకు అప్పగించారు. ఇంటి నుంచి పనిచేసే మాలో ఉత్సాహం తగ్గిందని మీరు అంటున్నారు, దానికి ఇది మా జవాబు.

ఇది మొదటి ప్రయత్నం కాదు. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాం, "మీ మెయిల్ అందింది" అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. పోర్టల్‌లో టికెట్ వేశాం. మాతో ఎవరూ మాట్లాడకుండానే "పరిష్కరించబడింది" అని టికెట్ మూసేశారు. కంపెనీలో అందరినీ కూర్చోబెట్టి పెట్టే టౌన్‌హాల్ మీటింగులో ఒకబ్బాయి ధైర్యం చేసి అడిగితే, తర్వాత విడిగా మాట్లాడదాం అన్నారు. ఆ తర్వాత మాకు అందింది ఒక వెబినార్ ఆహ్వానం: ఇంటి నుంచి పనిచేసేటప్పుడు ఉత్సాహంగా ఉండటం ఎలా అని. చెప్పడానికి వచ్చినావిడ మంచి మాటలే చెప్పారు. టైముకి నిద్రపోవాలి, టేబుల్ శుభ్రంగా ఉంచుకోవాలి, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయాలి అన్నారు. నాలుగడుగులు వేస్తే మా స్క్రీన్ మీద ఎర్ర గుర్తు పడుతుందని ఆవిడకు తెలియదు. ఆ విషయం తెలిసినవాళ్లు, దాన్ని మార్చగలిగినవాళ్లు మీరే. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాం.

మాలో ఉత్సాహం తగ్గిందన్న మీ మాట నిజమే. పని కూడా కొన్ని చోట్ల తగ్గింది. కాదనడం లేదు. అయితే దానికి కారణం మా మనసుల్లో కంటే మీరు పనిని లెక్కపెట్టే పద్ధతిలో ఎక్కువగా ఉంది. ఆ పద్ధతి ఇక్కడి మనుషుల్ని ఏం చేస్తోందో వరుసగా చెబుతాను.

1. మౌస్ కదలకపోతే పని చేయనట్టేనా?

మా కంప్యూటర్లలో పెట్టిన సాఫ్ట్‌వేర్ మౌస్, కీబోర్డు ఐదు నిమిషాలు కదలకపోతే ఆ సమయాన్ని ఐడిల్ టైమ్ కింద రాస్తుంది. నెలాఖరుకి అన్నీ కూడి ఒక హద్దు దాటితే అరపూట జీతమో, ఒక పూట జీతమో పోతుంది. ఈ రిపోర్టు ప్రతి షిఫ్టు అయ్యాక నాకే వస్తుంది. పేర్ల పక్కన పచ్చ, పసుపు, ఎరుపు రంగులుంటాయి.

ఏఆర్ కాలింగ్ అంటే ఏమిటో ఈ పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. అమెరికాలో ఒక ఆసుపత్రి బిల్లును ఇన్సూరెన్స్ కంపెనీ తిరగ్గొడితే, ఎందుకు తిరగ్గొట్టారో కనుక్కుని డబ్బు రాబట్టాలి. దానికి ఫోన్ చేయాలి. అవతల మనిషి లైన్లోకి వచ్చేదాకా హోల్డ్ మ్యూజిక్ వింటూ కూర్చోవాలి. ఒక్కోసారి అరగంట దాటుతుంది. లైన్ కట్ అయితే మళ్లీ మొదటికి వస్తుంది. అంతసేపూ చెవికి హెడ్‌సెట్, ఎదురుగా క్లెయిమ్ నంబర్, చేతిలో పెన్ను ఉంటాయి. మౌస్‌తో ఆ సమయంలో పనే ఉండదు.

మా టీమ్‌లో చిత్తూరు అమ్మాయి ఒకతి ఉంది. మిగతావాళ్లు చేతులెత్తేసిన పాత క్లెయిములు, పెద్ద మొత్తాలవి, ఆ అమ్మాయికే ఇస్తాం. ఓపిగ్గా కూర్చుంటుంది, పాయింటు పట్టుకుంటుంది. పాత క్లెయిమ్ అంటే హోల్డ్ ఎక్కువ, హోల్డ్ ఎక్కువైతే ఐడిల్ టైమ్ ఎక్కువ. టీమ్‌లో అందరికంటే కష్టమైన పని చేసే మనిషి పేరు పక్కన నెలంతా ఎరుపే. జీతం కట్ అయిన రోజు నాకు ఫోన్ చేసి, "అక్కా, నేను పని చెయ్యలేదని ఎట్లా వచ్చింది?" అని అడిగింది. కాల్ రికార్డింగులు తీసి, ఆ నిమిషాలన్నీ హోల్డ్‌లో ఉన్నవేనని చూపించి పైకి పంపాను. సిస్టమ్‌లో వచ్చినదాన్ని మార్చలేం అన్నారు. ఆ క్లెయిముల డబ్బు తర్వాత క్లయింటుకి వచ్చింది. ఆ అమ్మాయి జీతంలో కోసింది మాత్రం తిరిగి రాలేదు.

కోడింగ్ చేసేవాళ్లదీ ఇదే బాధ. డాక్టరు రాసిన ఆపరేషన్ నోట్ మొదటినుంచి చివరిదాకా చదివితే తప్ప సరైన కోడ్ పడదు. చదివేటప్పుడు చెయ్యి కదలదు, కళ్లు కదులుతాయి. ఇప్పుడు మావాళ్లు ఏం చేస్తున్నారంటే, చదువుతూ చదువుతూ ఒక చేత్తో మౌస్‌ని ఊరికే అటూ ఇటూ తిప్పుతున్నారు. దృష్టి సగం చార్టు మీద, సగం మౌస్ మీద. తప్పులు అక్కడే పుడుతున్నాయి, ఆడిట్‌లో పట్టుబడుతున్నాయి, మళ్లీ దానికి ఒక వార్నింగ్ మెయిల్. ఇంకొందరు మౌస్‌ని దానంతటదే కదిలించే పరికరం కొని పెట్టుకున్నారు. నిజంగా పని ఎగ్గొట్టాలనుకునేవాడికి ఆ పరికరం చాలు, మీ సాఫ్ట్‌వేర్‌కి వాడు దొరకడు. దొరుకుతున్నది నిజాయితీగా పనిచేసేవాళ్లే.

ఇంకో మాట చెప్పక తప్పదు. బాత్రూమ్‌కి వెళ్లివస్తే గుర్తు పడుతుందని షిఫ్టులో నీళ్లు తాగడం తగ్గించామని మా ఆడపిల్లలు నాతో అన్నారు. మీ ఇళ్లలోనూ ఆడపిల్లలున్నారు. ఇది ఏ కంపెనీకీ గౌరవం కాదు.

ఈ అపనమ్మకం మన దగ్గర మాత్రమే ఉన్నది కాదని మాకు తెలుసు. 2022లో మైక్రోసాఫ్ట్ 11 దేశాల్లో 20,000 మందిని అడిగితే, ఉద్యోగుల్లో 87 శాతం మంది తాము బాగానే పనిచేస్తున్నామన్నారు. తమ టీమ్ సరిగా పనిచేస్తోందని పూర్తి నమ్మకం ఉందని చెప్పిన పైఅధికారులు 12 శాతమే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధాన్ని మౌస్ లెక్కలతో పూడ్చాలని చూస్తున్నారు. పూడకపోగా పెరుగుతోంది.

2. అన్ని చార్టులూ ఒకటే లెక్క

జ్వరంతో ఎమర్జెన్సీకి వచ్చి మందు రాయించుకుని వెళ్లిపోయిన మనిషి చార్టు నాలుగైదు పేజీలు ఉంటుంది. పది రోజులు వార్డులో ఉండి, ఆపరేషన్ అయి, మధ్యలో ఇంకో జబ్బు బయటపడిన మనిషి చార్టు వంద పేజీలు దాటొచ్చు. మా క్యూలో రెండిటికీ ఒకటే లెక్క: ఒక చార్టు. దాంతో ఏం జరుగుతోందో ఎవరైనా ఊహించగలరు. లాగిన్ కాగానే చిన్నవి ఏరుకునేవాళ్లు ఏరుకుంటారు, టార్గెట్ దాటుతారు, బోనస్ అందుకుంటారు. పెద్దవి ఎవరో ఒకరి నెత్తిన పడతాయి. ఆ ఒకరు సాధారణంగా కొత్తగా చేరినవాళ్లో, మొహమాటపడి అడగలేనివాళ్లో అయి ఉంటారు. ఆఫీసులో పక్కపక్కన కూర్చున్నప్పుడు ఇది ఎదుటివాళ్ల కంటపడేది, సూపర్‌వైజర్ సర్దేవారు. ఇళ్లలో విడివిడిగా ఉన్నప్పుడు చూసేవాళ్లు లేరు.

దీనికి తోడు, రోగనిర్ధారణ కోడ్‌లు ఏటా అక్టోబర్ 1న మారతాయి, చికిత్సలకు వేసే సీపీటీ కోడ్‌లు జనవరి 1న మారతాయి. కొత్తవి వంటబట్టేదాకా ఎంతటి అనుభవం ఉన్న కోడర్ అయినా నెమ్మదిస్తారు, నెమ్మదించాలి కూడా. మీ టార్గెట్ మాత్రం సెప్టెంబర్ 30న ఎంతో అక్టోబర్ 1నా అంతే. తిరుపతి సంగతి మీకు తెలియకపోవచ్చు. బ్రహ్మోత్సవాలు వచ్చేది కూడా ఎక్కువగా సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే. దర్శనానికి వచ్చే చుట్టాలు మా ఇళ్లలోనే దిగుతారు. కొండ కింద ఊళ్లో ఇల్లుండి చుట్టాన్ని హోటల్‌కి పంపడం మా వల్ల అయ్యే పని కాదు. రెండు గదుల ఇంట్లో ఎనిమిది మంది ఉండగా, పేషెంట్ల వివరాలు ఎవరి కంటా పడకూడదన్న రూలు తప్పకుండా, కొత్త కోడ్‌లు నేర్చుకుంటూ, పాత టార్గెట్ కొట్టాలి. సెలవు అడిగితే పీక్ సీజన్ అంటారు.

3. తప్పు జరిగినప్పుడే మాట

షిఫ్టు మొదట్లో పదిహేను నిమిషాల కాల్ ఉంటుంది. అందులో నిన్నటి అంకెలు చదువుతారు. ఎవరెవరు వెనకబడ్డారో అందరి ముందూ చెబుతారు. అంతటితో అయిపోతుంది. నెలల తరబడి తన మేనేజర్‌తో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడని ఉద్యోగులు మాలో ఉన్నారు. మెచ్చుకోలు అంటే గ్రూప్‌లో బొటనవేలి గుర్తు. తప్పు చేస్తే మాత్రం ముగ్గురు పెద్దవాళ్లను కాపీలో పెట్టి మెయిల్ వస్తుంది.

దీని దెబ్బ కొత్తవాళ్లకు ఎక్కువగా తగులుతోంది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో డిగ్రీ, పీజీ చేసి నేరుగా ఇంటి నుంచే చేరిన పిల్లలు వీళ్లు. ఆఫీసులో అయితే కుర్చీ వెనక్కి తిప్పి, "అన్నా, ఈ కోడ్ కరెక్టేనా?" అని అడిగితే అర నిమిషంలో తేలిపోయే సందేహం. ఇక్కడ చాట్‌లో టైప్ చేయాలి, అవతలివాళ్లకు టార్గెట్ ఉంటుంది కాబట్టి జవాబు గంటకు వస్తుంది. ఆ గంట కూడా ఐడిల్ టైమే. పదిసార్లు అడిగితే ఏమనుకుంటారో అన్న బెరుకుతో అడగడం మానేస్తారు. తెలియకుండానే తప్పు అలవాటైపోతుంది. మూడు నెలలకు క్వాలిటీ పడిపోయిందని ఇంటికి పంపించేస్తారు. ఆ పిల్లలకు చేతకాదని మీరు అనుకుంటారు, వాళ్లూ అదే అనుకుంటారు. అట్లా ఉద్యోగం పోయిన ఒకబ్బాయి ఇప్పుడు ఏ ఇంటర్వ్యూకీ వెళ్లనంటున్నాడని వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి బాధపడింది.

ఈ విషయంలో పరిశోధన కూడా ఉంది. కరోనా కాలంలో ఇంటి నుంచి పనిచేసిన 10,000 మందికి పైగా ఐటీ ఉద్యోగుల రికార్డులను ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశీలించారు. పనిగంటలు పెరిగాయి, గంటకు అయ్యే పని తగ్గింది. మీటింగులకు, ఒకరితో ఒకరు సర్దుబాటు చేసుకోవడానికి పోయే సమయం పెరిగింది. ఏకాగ్రతతో పనిచేసుకునే సమయం తగ్గింది. పైఅధికారి ఒక్కొక్కరితో విడిగా కూర్చుని నేర్పే సమయం కూడా తగ్గింది. పిల్లలున్న ఉద్యోగుల మీద దెబ్బ ఇంకాస్త ఎక్కువ పడింది. మేము చెబుతున్నదీ ఇదే. మనుషులు బద్ధకించలేదు, ఎక్కువసేపే కూర్చున్నారు. ఆ సమయం పనిలోకి వెళ్లే దారి మూసుకుపోయింది.

4. షిఫ్టుకు అవతలి గంటలు

అమెరికా తూర్పు తీరం టైము ప్రకారం పనిచేసేవాళ్లకు వేసవిలో సాయంత్రం ఆరున్నరకి షిఫ్టు మొదలై తెల్లవారుజామున మూడున్నరకి ముగుస్తుంది. నవంబరులో అక్కడ గడియారం మారుతుంది, మాకు ఏడున్నర నుంచి నాలుగున్నర అవుతుంది. మార్చిలో మళ్లీ వెనక్కి. ఈ మార్పుకి మేము అలవాటుపడ్డాం, ఇంట్లోవాళ్లూ వంటలు, పడకలు దానికి తగ్గట్టు సర్దుకున్నారు. సర్దుకోలేనిది పగటి మీటింగులు. నాలుగింటికి పడుకున్న మనిషికి పదిన్నరకి ట్రైనింగ్, పన్నెండింటికి హెచ్‌ఆర్ కాల్, మధ్యలో "అర్జెంట్, ఒక్కసారి లాగిన్ అవ్వండి" అని వాట్సాప్. ఇంట్లోనే ఉన్నారు కదా అన్న ఒక్క మాటతో మా పగలంతా కంపెనీదైపోయింది.

నిద్ర తక్కువైతే ఏమవుతుందో నేను డాక్టర్‌లా చెప్పలేను. చూసింది చెబుతాను. పిల్లవాడిని స్కూలు బస్సు ఎక్కించి వచ్చి పడుకునే తల్లికి పది గంటల కాల్ వస్తే ఆ రోజు నిద్ర లేనట్టే. సాయంత్రం షిఫ్టులో ఆమె క్వాలిటీ పడుతుంది. వారంలో ఇట్లా మూడు రోజులైతే ఇంట్లో గొడవ మొదలవుతుంది. "ఈ ఉద్యోగం ఎందుకు, మానెయ్" అంటారు అత్తమామలు. మా టీమ్‌లో మానేసిన ఆడవాళ్లలో ఎక్కువమంది జీతం చాలక మానలేదు, ఇందుకే మానారు.

పనివేళలు దాటాక ఉద్యోగి ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కుకు ఫ్రాన్స్ 2017లోనే చట్టంలో చోటిచ్చింది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. మన దగ్గర అలాంటి చట్టం వచ్చేదాకా ఆగనవసరం లేదు. కంపెనీ ఒక పేజీ రూలు రాసి పాటిస్తే చాలు.

5. కరెంటు, నెట్, గది ఖర్చు ఎవరిది?

2021 నవంబర్ వానలు తిరుపతివాళ్లు మరిచిపోరు. వీధులు కాలువలయ్యాయి, ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అటువంటి రోజుల్లో కూడా లాగిన్ కానివాళ్లకు సెలవు రాసిన కంపెనీలున్నాయి. వరద సంగతి పక్కనపెట్టండి, ఎండాకాలం గాలివాన వస్తే కరెంటు పోవడం, రోడ్డు తవ్వితే ఫైబర్ తెగడం ఇక్కడ మామూలే. అరగంట కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది, వీపీఎన్ (ఆఫీసు సిస్టమ్‌తో కలిపే కనెక్షన్) తెగుతుంది, మళ్లీ లాగిన్ కావడానికి ఐటీ వాళ్లకు టికెట్ వేయాలి. పోయిన సమయం మా జీతంలోంచి.

ఆఫీసులో జనరేటర్ పెట్టేది కంపెనీ, ఇంట్లో ఇన్వర్టర్ పెట్టేది ఉద్యోగి. అది ఇరవై వేల పైమాటే, కొత్తగా చేరినవాళ్లకు ఒక నెల జీతం కంటే ఎక్కువ. పేషెంట్ల వివరాలు ఎవరూ చూడకూడదు కాబట్టి తలుపు మూసుకునే గది కావాలని మీరే అంటారు. రూలు సరైనదే. కొర్లగుంటలోనో మంగళంలోనో ఆ అదనపు గదికి అద్దె కట్టేది మాత్రం మేము.

6. దూరంగా ఉన్నవాళ్లకు ప్రమోషన్ రాదు

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒకే టీమ్‌లో ఒకే క్వాలిటీ ఉన్న ఇద్దరిలో ఆఫీసుకి వెళ్లేవాళ్లకు సీనియర్ పోస్టు వస్తుంది, ఇంటి నుంచి చేసేవాళ్లకు "వచ్చేసారి చూద్దాం" అన్న మాట వస్తుంది. కంటికి కనిపించేవాళ్లే గుర్తుంటారు.

చైనాలో సీట్రిప్ అనే ప్రయాణ సంస్థ కాల్ సెంటర్‌లో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం 2010లో మొదలుపెట్టి తొమ్మిది నెలలు చేసిన ప్రయోగం మీకు తెలిసే ఉంటుంది. వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది, మానేసేవాళ్లు సగానికి తగ్గారు. ఈ రెండు అంకెలూ అందరూ చెబుతారు. అదే ప్రయోగంలో తేలిన మిగతా సంగతులు కూడా చదవమని మా మనవి. ఇంట్లో విడిగా గది, బ్రాడ్‌బ్యాండ్, కనీసం ఆరు నెలల అనుభవం ఉన్నవాళ్లనే అందులోకి తీసుకున్నారు. నిశ్శబ్దంగా ఉండటం వల్లే నిమిషానికి చేసే కాల్స్ పెరిగాయి. పనితీరు సమానంగా ఉన్నా ఇంటి నుంచి చేసినవాళ్లకు ప్రమోషన్లు తగ్గాయి. ప్రయోగం అయ్యాక మీ ఇష్టం అంటే, సగం మంది దాకా ఒంటరితనం భరించలేక ఆఫీసుకే తిరిగి వెళ్లారు. అంటే ఇంటి నుంచి పని బాగా సాగడానికి గది, నెట్, అనుభవం, మనుషుల తోడు కావాలి. మాకు ఇచ్చింది ల్యాప్‌టాప్, దానిలో ఒక కాపలా సాఫ్ట్‌వేర్.

మీ ఇబ్బందులు మాకు అర్థం కావని అనుకోవద్దు. రెండు కంపెనీల్లో ఒకేసారి పనిచేసి పట్టుబడినవాళ్లున్నారు. షిఫ్టులో నిద్రపోయేవాళ్లున్నారు, వాళ్ల పని కూడా మిగతావాళ్లే మోస్తున్నారు కాబట్టి వాళ్ల మీద మాకే ఎక్కువ కోపం. క్లయింట్ ఆడిట్‌కి వచ్చి డేటా భద్రత గురించి నిలదీస్తే జవాబు చెప్పాల్సింది మీరే. అందుకని తనిఖీ వద్దనడం లేదు. పని ఏ మేరకు అయింది, ఎంత సరిగ్గా అయింది, చెప్పిన టైముకి అయిందా అని చూడండి. తేడా ఉంటే గట్టిగా అడగండి. అట్లాంటి లెక్కకు మేము సిద్ధం.

మా డిమాండ్లు ఇవి:

ఒకటి. ఐడిల్ టైమ్‌ని జీతంతో ముడిపెట్టడం వెంటనే ఆపాలి. హోల్డ్ సమయాన్ని, చార్టు చదివే సమయాన్ని, సందేహం అడిగి ఎదురుచూసే సమయాన్ని పనిగానే లెక్కించాలి. ఇంతవరకు హోల్డ్ సమయానికి కోసిన జీతాలను కాల్ రికార్డులతో సరిచూసి తిరిగి చెల్లించాలి.

రెండు. మా కంప్యూటర్ నుంచి ఏమేం రికార్డు చేస్తున్నారు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు అన్నది ప్రతి ఉద్యోగికీ రాతపూర్వకంగా ఇవ్వాలి. వెబ్‌క్యామ్‌తో ఇంటి గదిని ఫొటోలు తీసే పద్ధతి ఎక్కడున్నా ఎత్తేయాలి. దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసుకున్నాక కూడా ఇది అడిగి తెలుసుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు.

మూడు. చార్టులకు, క్లెయిములకు కష్టాన్ని బట్టి పాయింట్లు పెట్టండి. క్యూలోంచి ఎవరికి వాళ్లు ఏరుకోకుండా సిస్టమే పంచాలి. అక్టోబర్, జనవరి నెలల్లో మొదటి రెండు వారాలు టార్గెట్ తగ్గించాలి, కొత్త కోడ్‌ల శిక్షణ షిఫ్టు లోపలే ఇవ్వాలి.

నాలుగు. ప్రతి ఉద్యోగితో మేనేజర్ పదిహేను రోజులకొకసారైనా విడిగా అరగంట మాట్లాడాలి. అంకెలు చదవడానికి కాదు, పనిలో ఏది అడ్డుపడుతోందో వినడానికి. ఇది మేనేజర్ అప్రైజల్‌లో కూడా ఒక అంశం కావాలి, లేకపోతే మూడో నెలకు ఆగిపోతుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి మూడు నెలలు ఒక సీనియర్‌ను జత చేయండి. ఆ సీనియర్ టార్గెట్‌లో నేర్పే సమయాన్ని మినహాయించండి. ఇప్పుడు నేర్పినవాళ్లు తమ టార్గెట్ పోగొట్టుకుని నేర్పుతున్నారు.

ఐదు. షిఫ్టు ముగిశాక కనీసం పది గంటలు ఎలాంటి కాల్, మెసేజ్, మీటింగ్ ఉండకూడదు. తప్పనిసరైతే దానికి ఓవర్‌టైమ్ ఇవ్వాలి.

ఆరు. నెట్, కరెంటు ఖర్చుకు నెలనెలా అలవెన్సు, ఇన్వర్టర్‌కి వడ్డీలేని అడ్వాన్సు ఇవ్వాలి. విద్యుత్ సంస్థ ప్రకటించిన కోతను, వాతావరణ హెచ్చరిక ఉన్న రోజులను సెలవు కింద రాయకూడదు.

ఏడు. ప్రమోషన్లకు పెట్టుకున్న కొలమానాలు ముందే చెప్పి, ఇంటి నుంచి చేసేవాళ్లకు, ఆఫీసువాళ్లకు ఎన్నెన్ని వచ్చాయో ఏడాదికోసారి బయటపెట్టాలి.

ఎనిమిది. తిరుపతిలో ఒకటి, చిత్తూరులో ఒకటి చిన్న పనికేంద్రాలు తెరవండి. నాలుగైదు కంపెనీలు కలిసి అద్దె పంచుకున్నా సరిపోతుంది. ప్రతి నగరంలో, పట్టణంలో, మండలంలో ఐటీ ఆఫీసు స్థలాలు కట్టేవాళ్లకు ప్రోత్సాహకాలిస్తామని, పెద్దఎత్తున, ముఖ్యంగా మహిళలకు, ఇంటి నుంచి పని కల్పిస్తామని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రకటించారు. కంపెనీలు ముందుకొచ్చి అడిగితే కదా అది ఇక్కడిదాకా వచ్చేది. వారానికి రెండు రోజులు అక్కడ కలిసి కూర్చుంటే చాలు, కొత్తపిల్లల సందేహాలు సగం తీరిపోతాయి. మిగిలిన రోజులు ఇంటి దగ్గర పని. ట్రిప్.కామ్‌గా పేరు మార్చుకున్న అదే చైనా సంస్థలో 1,612 మందితో ఇలా ఆఫీసు, ఇల్లు కలిపి, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి, మిగతా రోజులు ఆఫీసులో పని పెట్టి చూశారు. మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, పనితీరులో కానీ ప్రమోషన్లలో కానీ తేడా రాలేదు. 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒకసారి చదివి, మీ ఫైనాన్స్ వాళ్లతో లెక్క వేయించండి. ఒక అనుభవం ఉన్న కోడర్ వెళ్లిపోతే కొత్తవాళ్లను తయారుచేయడానికి మీకు ఎంతవుతోందో మాకంటే మీకే బాగా తెలుసు.

ఇవన్నీ ఒకేరోజు జరగవని తెలుసు. మొదటి రెండూ మాత్రం ఈ నెల జీతాలు వేసేలోపు కావాలి, కోసిన జీతాలు తిరిగివ్వడం తప్ప వాటికి వేరే ఖర్చు లేదు, ఒక మెయిల్ చాలు. మిగతావాటి మీద మాతో కూర్చుని మాట్లాడండి. ఆన్‌లైన్ కాల్ వద్దు. ఎవరైనా నిర్ణయం తీసుకోగల అధికారి తిరుపతికి రండి. చెన్నై నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం, బెంగళూరు నుంచి ఐదారు గంటలు. ఆదివారం అయితే చిత్తూరు నుంచి, పలమనేరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి అందరం వస్తాం. శనివారం పెట్టకండి, యూఎస్ షిఫ్టువాళ్లు ఆ రోజు తెల్లవారుజామున డ్యూటీ దిగుతారు.

ఈ లేఖ మీద పేర్లు లేవు. పేర్లు పెడితే ఏమవుతుందోనన్న భయం మావాళ్లకు ఉంది. మాట్లాడినందుకు ఎవరి మీదా చర్య ఉండదని రాతపూర్వకంగా హామీ ఇచ్చిన రోజున పేర్లతో, కాల్ రికార్డుల వివరాలతో, జీతాల స్లిప్పులతో సహా మీ ముందు ఉంటాం.

ఇట్లు,
ఒక బిల్లింగ్ ప్రాసెస్ టీమ్ లీడ్, తిరుపతి
ఇంటి నుంచి పనిచేస్తున్న తిరుపతి, చిత్తూరు ఉద్యోగుల తరఫున